నాలుగురాళ్ల సెంటర్లో క్రమసంఖ్య 412

మా నందిరేవులో మురుగుకాలవ తవ్వబోతే చరిత్ర బయటపడింది. అందువల్ల మాకు ఇప్పటికీ మురుగుకాలవ లేదు.

తవ్విన చోటు నాలుగురాళ్ల సెంటరు. అక్కడ నేలలోంచి నాలుగు రాతిస్తంభాల మొదళ్ళు మోకాలెత్తున పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకదానికి సైకిళ్ళు ఆనిస్తారు. ఒకదానిమీద కూచుని పేపరు చదువుతారు. మూడోదానికి ఎన్నికలప్పుడు జెండా కడతారు. నాలుగోదాన్ని కుక్కలకు వదిలేశారు. కాలవ కోసం నాలుగడుగులు తవ్వేసరికి ఆ స్తంభాల అడుగున పలకరాళ్ళు పరిచిన నేల కనబడింది. పనివాళ్ళు గునపాలు దించారు. మూడోరోజుకు ప్రాచీన కూడళ్ల పరిరక్షణ ప్రాధికార సంస్థవారు రెండు జీపుల్లో దిగారు. అంత పేరు నోరు తిరగక మేం కూడళ్ల ఆఫీసు అంటాం.

ఏడాది తవ్వారు. గునపాలతో కాదు, రంగులేసే కుంచెలతో, పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటి పుల్లలతో. సీసపు నాణాలు దొరికాయి. పూసలు, ఎర్రటి కుండపెంకులు, తూకపురాళ్ళు దొరికాయి. ఒక పలకమీద దాడి ఆట గీతలున్నాయి. ఒక వరసలో పదిహేడు గుండ్రటి బెజ్జాలున్నాయి, అంగళ్ళవాళ్ళు పందిరిగుంజలు నిలబెట్టుకోవడానికి తొలిచినవి. ఈశాన్యం మూల కాస్త మిట్ట కాబట్టి అక్కడి పలకలు మొదటినుంచీ పైకే కనబడుతున్నాయి. మేం వాటిని మునిసిపాలిటీ వేసిన బండలనుకున్నాం.

సంస్థ ఉపసంచాలకులు డాక్టర్ సత్యకీర్తిగారు సెంటర్లో సభ పెట్టి సంగతంతా వివరించారు.

"మహాజనులారా! రెండువేల సంవత్సరాల క్రితం ఈ ప్రదేశమునందు ప్రజలు గుమిగూడేవారు. అమ్మేవారు, కొనేవారు, బేరమాడేవారు. పనిలేనివారు కూర్చుని ఆటలాడేవారు. ఇది రాజుది కాదు, దేవుడిది కాదు. అచ్చంగా ప్రజలది! ఇట్టి కూడలి లభ్యమగుట మన అదృష్టమని సవినయముగా ప్రకటించుచున్నాను."

అక్కడ గుమిగూడినవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. మర్నాడు బోర్డు వెలిసింది. "ఇది ప్రాచీన ప్రజా కూడలి. ఇచ్చట ప్రజలు గుమిగూడరాదు."

బోర్డు పక్కనే కూరగాయలమ్మే ఏడుగురికి నోటీసులిచ్చారు. ఆరుగురు గంపలెత్తుకుని వెళ్ళిపోయారు. ఏడో మనిషి సామ్రాజ్యం. నేను బి.ఏ.లో చదివిన సామ్రాజ్యాలన్నీ ఏదో ఒక కారణం చెప్పి కూలిపోయాయి. ఈవిడ మాత్రం ఈశాన్యం మూల తన గొడుగు కింద అట్లాగే కూచుంది. నా పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటినుంచీ నేను కూరలు కొనేది ఆవిడ దగ్గరే.

"మా అమ్మ ఈడే కూచుంది, మా అమ్మమ్మ ఈడే కూచుంది. నా కూతురు నాగేంద్రం ఏ ఊళ్ళో ఉన్నా దాని మొగుడితో గొడవొస్తే ఈ చోటుందిలే అనే ధైర్నంతో ఉంది. ఇప్పుడు లెగమంటే ఎట్టా లెగుస్తానమ్మా? నువ్వు సదువుకున్నావు గదా. ఓ కాయితం రాసిపెట్టు."

నా చదువు చరిత్రే. పెళ్ళయ్యాక దాన్ని వాడే అవసరం రాలేదు. జరిగినవన్నీ తేదీలతో సహా మా అత్తగారే చెప్పేవారు. ఇన్నాళ్ళకు అవసరం వచ్చిందని మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కూచుని రాశాను.

"మహారాజశ్రీ ఉపసంచాలకులవారికి నందిరేవు వాస్తవ్యురాలు సామ్రాజ్యం చేసుకొను విన్నపము. తమరు పదిహేడు బెజ్జములు కనుగొన్నారు. అందులో పదహారు ఖాళీ. పదిహేడవ దానిలో నా గొడుగు ఉన్నది. నాకు ముందు మా అమ్మ గొడుగు, ఆమెకు ముందు మా అమ్మమ్మ తాటాకు గొడుగు అందులోనే ఉండెడివి. అంతకు ముందు ఎవరి గొడుగు ఉండెనో తమకే ఎరుక. ఈ బెజ్జము ఏనాడైనా ఖాళీగా ఉండెనని తమరు రుజువు చేసినచో నేను లేచిపోగలదానను."

మావారు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా. కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"బాగా రాశావు. మరీ బాగా రాశావు. ఆఫీసులకి ఇంత బాగా రాయకూడదే."

"ఏం? పని జరగదా?"

"జరిగిపోతుంది. అదే భయం."

నెల తిరక్కుండా జరిగిపోయింది. డాక్టర్ సత్యకీర్తిగారు స్వయంగా వచ్చి, గొడుగుకర్రను బెజ్జంలోంచి ఎత్తి, మళ్ళీ దించి చూశారు. కర్ర కదలకుండా కూచుంది. ఆయన కళ్ళు చెమర్చాయి. వారంలో ఉత్తర్వు వచ్చింది. "సదరు కూడలిలో వాణిజ్యం అవిచ్ఛిన్నంగా కొనసాగినదనుటకు సదరు సామ్రాజ్యం సజీవ సాక్ష్యమని గుర్తించడమైనది. సదరు సాక్ష్యమును ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే, తదుపరి ఉత్తర్వుల వరకు సంరక్షించవలెను."

సామ్రాజ్యం నాకు ఆనపకాయ ఉచితంగా ఇచ్చింది. మేం గెలిచామనే అనుకున్నాం.

మర్నాడు సంస్థ సర్వేయరు ఏసుపాదంగారు టేపు పట్టుకొచ్చారు. ఏడాదిలో రిటైరు కాబోతున్న మనిషి, నెమ్మదస్తుడు. ఆవిడ పొడుగు, వెడల్పు కొలిచారు. ఎరుపు తెలుపు చారల కొలబద్ద పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. తరవాత సంచీలోంచి తెల్లరంగు సీసా, సన్నటి కుంచె తీశారు.

"ఏందయ్యా అది?"

"నంబరమ్మా. దొరికిన ప్రతి వస్తువు మీదా రాయాలి. మోచేతి మీద రాస్తాను, కనపడదు."

"నా మోచేతి మీద మా నాగేంద్రం నాయన పేరే రాయలా నేను. నువ్వు రాత్తావా? గంప మీద రాసుకో."

ఆయన గంప మీద 412 అని రాసుకున్నారు. ఆ రోజు గంపల్లో ఉన్నవన్నీ కూడా పట్టికకు ఎక్కాయి. వంకాయలు ముప్ఫై ఎనిమిది. దొండకాయలు ఒక కుప్ప. బెండకాయలు ఒక కుప్ప. ఆనపకాయలు మూడు. త్రాసు ఒకటి, ఒక పళ్ళెం సొట్ట. సామ్రాజ్యంతో పాటు అవన్నీ సంరక్షిత వస్తువులయ్యాయి. చుట్టూ తాడు కట్టారు.

సంరక్షిత వస్తువులను అమ్మడం నేరమని అప్పుడు తెలిసింది.

"మరి నేనేం చెయ్యాల?" అంది సామ్రాజ్యం.

"తమరు అమ్ముతూ ఉండవలెను" అన్నారు సత్యకీర్తిగారు. "అమ్మకం జరగరాదు. అంతే."

"కొనేవాళ్ళు?"

"ప్రజలకు ప్రవేశం లేదు. ప్రజా కూడలి కదా."

వంకాయలు నాలుగోరోజుకు మెత్తబడ్డాయి. పట్టికలో ఎదురుగా "క్షీణదశ" అని రాశారు. ఏడోరోజుకు వాసన మొదలైతే రాజధాని నుంచి రసాయన నిపుణుడొకాయన వచ్చి, కుళ్ళినవి తీసేసి సరిగ్గా అన్నే కాయలు తెచ్చి వార్నిషు వేశాడు. నిగనిగలాడుతూ పెళ్ళిపందిట్లో పెట్టడానికి పనికొచ్చేట్టున్నాయి. కోసి కూర వండటానికి మాత్రం పనికిరావు.

ఈ పరిస్థితికి కారణం నా కాగితమే గనక ఇంకో కాగితం రాశాను. కొనేవాళ్ళు లేని బజారు అవిచ్ఛిన్నం ఎట్లా అవుతుందని అడిగాను. దానికి కూడా సత్యకీర్తిగారి కళ్ళు చెమర్చాయట. పట్టిక తయారైన రోజు తీసిన ఫోటోలు తెప్పించి భూతద్దం పెట్టి వెతికారు. ఒక ఫోటోలో అంచున ఒక చెయ్యి కనబడింది. బెండకాయ ముదిరిందో లేదో చూడటానికి కొన తుంచుతున్న చెయ్యి. ఆ పచ్చగాజులు చూసి సామ్రాజ్యం అది కాగితాలు రాసిన నా చెయ్యేనని వాంగ్మూలం ఇచ్చింది.

మా ఇంటికి ఉత్తర్వు వచ్చింది. "క్రమసంఖ్య 413. బెండకాయ కొన తుంచుచున్న చెయ్యి, కుడిది. మిగిలిన మనిషి లభ్యం కాలేదు. సదరు చెయ్యి ప్రతిదినము ఉదయము ఎనిమిదింబావుకు కూడలిలో హాజరు కావలెను."

వెళ్ళాను. తాడు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"చెయ్యికి పర్మిషనుందమ్మా. మిగతా మీరు టిక్కెట్టు కొనుక్కోవాలి."

"కొనకపోతే?"

"తాడు బయట నించుని చెయ్యి లోపల పెట్టండి."

అట్లాగే పెట్టాను. వార్నిషు వేసిన బెండకాయ విరగదు. విరగకపోయినా తుంచుతున్నట్టు పట్టుకుని ఉండాలి. ఏసుపాదంగారు ఫోటోతో పోల్చి చూసి, "బొటనవేలు కాస్త పైకమ్మా" అనేవారు. టిక్కెట్టు కొన్న యాత్రికులు చూసి మెచ్చుకునేవారు. ఒకావిడ తన కూతురికి "చూడమ్మా, వెనకటి రోజుల్లో ఇట్లా ఏరుకునేవాళ్ళు" అని చెప్పింది. ఆవిడ చేతిసంచీలో బెండకాయలున్నాయి.

ఒకరోజు మా మరిది కొడుకు ఉపనయనానికి వెళ్ళాను. మర్నాడు నా చేతికి మెమో వచ్చింది. మావారు దాన్ని చాలా శ్రద్ధగా చదివారు.

"ఎడమచేత్తో జవాబు రాయి. సాంకేతికంగా దానికి సంబంధం లేదు."

ఇదంతా నాకు నవ్వులాటే. సామ్రాజ్యానికి కాదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా అక్కడ కూచోవాలి. జీతం అడిగితే, జీతం పుచ్చుకుంటే ఉద్యోగి అవుతుందనీ ఉద్యోగి పురాతన వస్తువు కాదనీ చెప్పారు. అందుకని తెల్లవారకముందే గంప నెత్తికెత్తుకుని, పట్టేసిన మోకాలితో వీధులన్నీ తిరిగి అమ్ముకుని, ఎనిమిదింటికి రొప్పుకుంటూ వచ్చి పురాతన వస్తువుగా కూచునేది.

"పోనీ వదిలేసి ఇంటి దగ్గర కూచో సామ్రాజ్యం" అన్నాను, చెయ్యి మాత్రం లోపల ఉంచి.

"లేత్తే నేరమంట. లెగిసిపోతే చోటు పోద్ది. కూకుంటే పొట్ట పోద్ది. మా అమ్మనీ అమ్మమ్మనీ నువ్వు రాసేటప్పుడు, తల్లీ, కాస్త తగ్గించి రాయాల్సింది."

శ్రావణంలో నాగేంద్రానికి నెలలు నిండాయి. రేపల్లెలో అత్తారింట్లో ఉంది, తొలి కాన్పు. సామ్రాజ్యం సెలవు కావాలంది. వస్తువులకు సెలవు నిబంధన లేదని జవాబొచ్చింది. ఆవిడ ఏడవలేదు. గొడుగు కింద కూచుని వార్నిషు వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి పెట్టడం మొదలుపెట్టింది. అట్లా ముప్ఫై ఎనిమిదీ అయిపోయాక మళ్ళీ మొదటినుంచి తిప్పింది. అది చూడలేక ఏసుపాదంగారు కుర్చీ దగ్గరగా లాక్కున్నారు.

"సెలవు లేదు గాని, అరువుంది. ఒక మ్యూజియం వస్తువుని ఇంకో చోట ప్రదర్శనకి పదిహేను రోజులు అరువివ్వొచ్చు. ఫారం నా దగ్గరుంది. నింపుదామా?"

"నింపు నాయనా, ఏదైనా నింపు."

"వస్తువు పేరు సామ్రాజ్యం. తయారైన కాలం?"

"పెద్ద గాలివానొచ్చిన ఏడంట."

"దేనితో తయారైంది?"

"జొన్నన్నంతో."

"పగుళ్ళు?"

"మడమలకి."

"లోపించిన భాగాలు?"

"పైపన్నొకటి."

"ఇంతకుముందు ఎప్పుడైనా విరిగి అతికించారా?"

"మోకాలు. సరిగ్గా అతకలా. అతికించినోడి పేరు కూడా రాసుకో."

"ప్రదర్శన ఎక్కడ? రేపల్లె ఆసుపత్రి. ఉద్దేశం..." ఆయన పెన్ను ఆపారు.

"నన్నెవురికి ప్రదర్శిస్తావయ్యా?"

"పుట్టబోయేవాళ్ళకి" అని రాసేశారు ఏసుపాదంగారు.

వస్తువును గడ్డిలో చుట్టి చెక్కపెట్టెలో పంపాలని నిబంధన. గడ్డికి బదులు దిండు, పెట్టెకు బదులు బస్సులో కిటికీ పక్క సీటు అని రాశారు. వస్తువు వెంట బాధ్యతగల అధికారి ఉండాలి కాబట్టి ఆయనే వెళ్ళారు. అక్కడ కాన్పుగది బయట ఆమెతో పాటు రెండు పూటలు కూచున్నారట. ఆడపిల్ల పుట్టింది. అరువు రిజిస్టరులో "వస్తువు క్షేమం, తల్లీబిడ్డా క్షేమం" అని నమోదు చేశారు. ఆయన సర్వీసు మొత్తంమీద తనిఖీలో ఎవరూ తప్పు పట్టని నమోదు అదొక్కటేనని తరవాత చెప్పారు.

ఇక్కడ కూడలిలో ఖాళీ ఉండకూడదు. అవిచ్ఛిన్నం కదా. అందుకని ఆ పదిహేను రోజులకూ ఒక నకలు చేయించారు. ఫైబరుతో చేసిన సామ్రాజ్యం. పళ్ళన్నీ ఉన్నాయి. ముఖంలో శాంతం ఉంది. పక్కన నకలు చెయ్యి ఒకటి, పచ్చగాజులతో సహా. నన్నడక్కుండానే నాకు విముక్తి లభించింది.

సత్యకీర్తిగారు ఆ బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"అద్భుతం! అసలుకంటే ప్రామాణికంగా ఉన్నది. ఎదురు ప్రశ్నలు వేయదు."

పదహారోరోజు సామ్రాజ్యం మనవరాలి కబుర్లతో తిరిగొచ్చింది. తాడు దాటబోతే కాపలా మనిషి ఆపాడు. లోపల ఇంకో సామ్రాజ్యం కూచుని ఉంది. మా సామ్రాజ్యం దాన్ని కిందినుంచి పైకి చూసింది.

"ముక్కు మా అత్తది పెట్టారేందయ్యా దీనికి? అవతలికి తీయండి, నా చోటది."

"ఆందోళన వలదు" అన్నారు సత్యకీర్తిగారు. "ప్రపంచమంతటా ఇదే ఆచారం. నకలును ప్రదర్శనలో ఉంచెదరు. అసలును భద్రత నిమిత్తం గోదాములో ఉంచెదరు. తమరు అత్యంత విలువైనవారు. కావున తమరిని గోదాముకు తరలించవలసిందిగా ఉత్తర్వులిచ్చితిని."

ఆ చోటు కోసమే ఆవిడ మోకాలు అరగదీసుకుంది. గొడుగుకర్ర వైపు చూసింది. గొడుగు కూడా నకలే. అసలు గొడుగు అప్పటికే గోదాముకు వెళ్ళిపోయింది. నేను ఆవిడ భుజమ్మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి మీద ఇప్పుడు ఎవరి అజమాయిషీ లేదు.

గోదాము అంటే బస్టాండు వెనక సందులో మూతబడిన బియ్యం మిల్లు. ముందు పొడుగాటి అరుగు. ఏసుపాదంగారు తాళం తీసి, గొడుగూ త్రాసూ చేతికిచ్చి, నిబంధనల పుస్తకం అంతా తిరగేశారు.

"ప్రదర్శనలో ఉన్న వస్తువు ఏం చెయ్యకూడదో నలభై పేజీలుందమ్మా. గోదాములో ఉన్న వస్తువు ఏం చెయ్యకూడదో ఒక్క ముక్క లేదు."

"ఎందుకని?"

"గోదాములో పెట్టినదాన్ని మళ్ళీ ఎవరూ చూసింది లేదు కదా."

మర్నాడు పొద్దున సామ్రాజ్యం అరుగు మీద గొడుగు వేసుకుని బెండకాయలు పోసింది. వార్నిషు లేనివి. నేను మొదటి బేరం చేశాను. వారం తిరిగేసరికి లేచిపోయిన ఆరుగురూ వచ్చి వరసగా కూచున్నారు. వాళ్ళ వెనకే టీబండి వచ్చింది. టీబండి కోసం ఆటోలొచ్చాయి. ఆటోలు పెరిగేసరికి చెప్పులు కుట్టే ఆయన వచ్చాడు. సంక్రాంతి దాటేసరికి పేపరు చదివేవాళ్ళూ, ఎన్నికల గురించి అరిచేవాళ్ళూ, దాడి ఆడేవాళ్ళూ అక్కడే. ఊరు మొత్తం ఆ సందులోకి మారిపోయింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

నాలుగురాళ్ల సెంటర్లో ఫైబరు సామ్రాజ్యం ఒక్కతీ మిగిలింది. టిక్కెట్టు కొనేవాళ్ళు కూడా తగ్గిపోయారు. దాంతో సత్యకీర్తిగారు ఒక నివేదిక రాశారు. మావారు తమ ఆఫీసుకొచ్చిన దాని నకలొకటి ఇంటికి పట్టుకొచ్చారు. "రెండువేల సంవత్సరములు అవిచ్ఛిన్నముగా కొనసాగిన జనసంచారము మన కాలమున హఠాత్తుగా నిలిచిపోయినది. కారణము అంతుచిక్కకున్నది. వరద, మహమ్మారి, పరరాజుల దండయాత్ర అను కోణములలో పరిశోధన జరుపుటకు ముగ్గురు సభ్యుల సంఘము నియమించడమైనది."

ఆ సంఘం పనిమీదే ఒక ఉదయం సత్యకీర్తిగారు మా సందులోకి వచ్చారు. పక్కన ఏసుపాదంగారు టేపుతో ఉన్నారు, రిటైరవడానికి ఇంకా వారం ఉంది. అప్పటికి సందులో రెండొందలమంది ఉంటారు. ఆయన అడుగు ఆగిపోయింది. అమ్మేవాళ్ళను చూశారు, కొనేవాళ్ళను చూశారు, దాడి ఆడుతున్న ముసలివాళ్ళను చూశారు. ఆయన కళ్ళు చెమరుస్తున్నాయి.

"ఎంత జీవకళ! ఏమమ్మా, మీరు ఈ స్థలంలో ఎంతకాలంగా ఉన్నారు?"

ఆయన సామ్రాజ్యాన్ని గుర్తుపట్టలేదు. ఆయన మనసులో ఉన్నది పళ్ళన్నీ ఉన్న సామ్రాజ్యం. ఏసుపాదంగారు మాత్రం చేతిలో టేపును నెమ్మదిగా జేబులో వేసుకుని ఆకాశంలోకి చూడసాగారు.

సామ్రాజ్యం త్రాసు దించకుండానే జవాబిచ్చింది.

"ఎంతకాలమేంది బాబూ? ఇయ్యాల పొద్దున్నే వచ్చా."

"నిన్నకూడా ఉన్నారు కదా?"

"నిన్న ఇంకెవురో."

ఆయన పక్కావిడనడిగారు. ఆవిడ తను ఈ ఊరే కాదంది. టీబండి అతను స్టవ్వు ఇంకా వేడెక్కలేదని చూపించాడు. దాడి ఆడుతున్న ముసలాయన అరుగు మీది బొగ్గు గీతల్ని అరచేత్తో తుడిచేసి, బస్సు కోసం కూచున్నామన్నాడు.

చివరికి ఆయన నావైపు తిరిగారు. "తమరు విద్యావంతులుగా కనబడుచున్నారు. ఈ స్థలానికి పూర్వచరిత్ర ఏమైనా...?"

"నేను చదువుకున్నది చరిత్రేనండి. ఆ హక్కుతో చెబుతున్నాను. దీనికి ఏ చరిత్రా లేదు. మొన్నమొన్నటిది కూడా లేదు."

"కాగితం మీద ఇవ్వగలరా?"

సంచీలోంచి పెన్ను తీశాను. మావారు చెప్పింది గుర్తుంచుకుని ఈసారి బాగా రాయలేదు. ఒక్క వాక్యం, రెండు కొట్టివేతలతో. సాక్షిగా సామ్రాజ్యం వేలిముద్ర వేసింది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సందు చివరిదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసి నిట్టూర్చారు.

"పాపం! ఇంతమంది జనం ఉన్నారు. కాస్త చరిత్ర కూడా ఉండుంటే ఎంత బాగుండేది!"

ఆయన మలుపు తిరిగేదాకా ఎవరూ బేరం మొదలుపెట్టలేదు.